చేపల తొట్టియు, ఆకుకూరల మడియు: ఒక గ్రంథ విమర్శ

ఒక తొట్టిలో చేపలు. దాని ప్రక్కన గులకరాళ్లు నింపిన మడిలో ఆకుకూరలు. ఈ రెండింటి నడుమ ఎడతెగక తిరుగుచుండు నీరు. చేపలు విడిచిన మలినము మొక్కలకు ఆహారమగును. మొక్కలు శుభ్రపరచిన నీరు తిరిగి చేపలను చేరును. ఆక్వాపోనిక్స్ అని పేరుపడిన ఈ పద్ధతిని తెలుగున చేపకూరల జోడుసాగు అని పిలువవచ్చును.

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనములలో ఇప్పుడు ఈ నమూనా తరచుగా కనిపించుచున్నది. చూచుటకు ముచ్చటగా ఉండును. ఎరువు అక్కరలేదనియు, వృథా ఏమియు లేదనియు దాని ప్రక్కన అట్టమీద వ్రాసి ఉండును. ఆ అట్టను చదివిన తెలివిగల విద్యార్థి యొకడు, "వారమువారము కూర కోయుచున్నాము, చేపలను పట్టుచున్నాము. ఏ ఎరువును వేయనిచో ఈ పదార్థమంతయు ఎక్కడనుండి వచ్చుచున్నది?" అని అడిగినచో ఏమి చెప్పవలెను? పదార్థము శూన్యమునుండి పుట్టదని మనమే వానికి తరగతిలో చెప్పియున్నాము. నమూనా వద్దకు వచ్చునప్పటికి ఆ నియమమును మరచినచో, మనము నేర్పినది విజ్ఞానము కాదు, గారడి.

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో ఉన్నది: మేత. చేపకు వేసిన మేతయే చేప యగుచున్నది. అదియే కూర యగుచున్నది. అదియే కొంత బురదగాను, కొంత వాయువుగాను పోవుచున్నది. చేప మొక్కకు ఎరువును సృష్టింపదు, మేతను రూపము మార్చి ఇచ్చును. జోడుసాగును గూర్చిన ఏ పుస్తకమునైనను ఈ గీటురాతిపై గీచి చూడవలెను. మేత పద్దును అది ఎంత నిజాయితీగా వ్రాసినది? ఆ పద్దును చదువరి చేతిలో ఎంత స్పష్టముగా పెట్టినది? ఈ వ్యాసమున పరిశీలించుచున్న గ్రంథము ఈ విషయమున అన్నిటికన్న ఎక్కువగా ఉదహరింపబడు వానిలో ఒకటి గనుక ఈ పరీక్ష మరింత అవసరము.

గ్రంథ పరిచయము

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో రోము నగరమునుండి ప్రచురించిన ఈ గ్రంథము పేరు "స్మాల్-స్కేల్ ఆక్వాపోనిక్ ఫుడ్ ప్రొడక్షన్". ఆ సంస్థ మత్స్య విభాగపు సాంకేతిక పత్రములలో ఇది 589వది. క్రిస్టఫర్ సోమర్‌విల్, మోటి కోహెన్, ఎడోవార్డో పాంటనెల్లా, ఆస్టిన్ స్టాంకస్, అలెస్సాండ్రో లోవటెల్లి అను అయిదుగురు దీని రచయితలు. పుటలు 262. సంస్థ వెబ్‌సైటునుండి ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. ఇంగ్లీషు సులభముగా ఉన్నది. పటములు, చిత్రములు పుష్కలముగా ఉన్నవి.

తొమ్మిది అధ్యాయములలో నీటి గుణము, పరికరముల నిర్మాణము, బాక్టీరియా, మొక్కలు, చేపలు, నిర్వహణ అను విషయములు వరుసగా వచ్చును. గులకరాళ్ల మడి, గొట్టములలో పలుచని నీటిపొర, లోతైన నీటిపై తేలు పలకలు అను మూడు విధముల నిర్మాణములను వివరించి, వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులను కోసి వానిని కట్టు విధమును అనుబంధములో మెట్టు మెట్టుగా చూపినారు. వడ్రంగము, కుళాయిపని కొంచెము తెలిసినవాడు ఈ పటములను చూచి పని పూర్తి చేయగలడు. కార్యశాల పుస్తకముగా దీనికి వంక పెట్టుట కష్టము.

మెచ్చదగిన అంశములు

మొదట మెచ్చవలసినది రచయితలు బాక్టీరియాకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించుట. కంటికి కనిపించు చేప, కూర అను ఇద్దరు నటుల వెనుక కనిపించని మూడవ నటుడు ఒకడున్నాడు. చేప మొప్పలద్వారా విడుచు అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగాను, వేరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. నైట్రైటు ఎక్కువైనచో చేప నెత్తురు ఆమ్లజనిని మోయు శక్తిని కోల్పోయి గోధుమవన్నెకు తిరుగును. నైట్రేటు మాత్రము చేపకు అంతగా హాని చేయదు. మొక్కకు అదియే ముద్ద. ఈ బాక్టీరియా గులకరాళ్లపై స్థిరపడుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవరకు ఓపిక పట్టవలెనని గ్రంథము నొక్కి చెప్పినది. ప్రదర్శనమునకు వారము ముందు తొట్టి నింపి, ఆ సాయంకాలమే పిల్లచేపలను వదలి, మూడవ దినమున అవి తేలియాడగా కారణము తెలియక చింతించువారు ఈ అధ్యాయమును ముందుగా చదువవలెను.

రెండవది, దోషములను దాచకుండుట. మొదటి ఖర్చు అధికమనియు, చేపలు, మొక్కలు, బాక్టీరియా మూడింటిని గూర్చియు తెలిసి ఉండవలెననియు, చేపకు నచ్చు వేడి మొక్కకు ఎల్లప్పుడు నచ్చదనియు, విద్యుచ్ఛక్తి నమ్మకముగా అందవలెననియు, ప్రతిదినము చూచుకొనవలెననియు, ఒక్క పొరపాటుతో వ్యవస్థ అంతయు కూలవచ్చుననియు గ్రంథమే ఒక జాబితాగా ఇచ్చినది. ఈ పద్ధతి ఒక్కటే కుటుంబమునకు పూర్తి ఆహారము నీయజాలదని కూడ చెప్పినది. సామగ్రిని అమ్మువారి ప్రకటనలలో ఈ జాబితా కనిపింపదు.

ఎరువు లేదను మాట

అయితే అదే అధ్యాయమున, దోషముల జాబితాకు ఎదురుగా, గుణముల జాబితా యొకటి ఉన్నది. ఈ పద్ధతి రసాయనిక ఎరువులను వాడదనియు, వ్యర్థము బహుస్వల్పమనియు అందులో చెప్పినారు. పాఠశాల అట్టలమీది మాటలకు ఇటువంటి జాబితాలే మూలములు. ఇక్కడనే మా మొదటి ఆక్షేపణ.

ఎరువు లేదను మాటను గ్రంథమే తరువాతి అధ్యాయములలో వెనుకకు తీసికొన్నది. చేపమేతలో ఇనుము, పొటాసియము, కాల్సియము మొక్కకు చాలినంత ఉండవు గనుక వానిని అప్పుడప్పుడు చేర్చవలెనని అక్కడ చెప్పినారు. ఇది ఈ రంగమున పనిచేసిన వారందరికి తెలిసినదే. కరేబియను సముద్రమున సెయింట్ క్రోయ్ దీవిలో వర్జిన్ ఐలండ్స్ విశ్వవిద్యాలయమున జేమ్స్ రాకోసీయు, ఆయన సహచరులును నడపిన ప్రసిద్ధమైన వ్యవస్థలో కాల్సియము హైడ్రాక్సైడును, పొటాసియము హైడ్రాక్సైడును మార్చి మార్చి కలిపెడివారు. మూడు వారములకొకసారి లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల ఇనుము అందునట్లు ఇనుప లవణమును చేర్చెడివారు. వీనిని ఎరువులని పిలువనిచో మరి ఏమని పిలువవలెను?

కాల్సియము, పొటాసియము హైడ్రాక్సైడులను చేర్చుటలో చక్కని రసాయన పాఠమున్నది. అమ్మోనియా నైట్రేటుగా మారునపుడు ఒక్కొక్క నత్రజని పరమాణువునకు రెండు ఆమ్లజని అణువులు ఖర్చగును, రెండు ఉదజని అయానులు వెలువడును. అనగా 14 భాగముల నత్రజనికి 64 భాగముల ఆమ్లజని, గ్రామునకు 4.57 గ్రాములు. వెలువడిన ఆమ్లమును తటస్థపరచుటకు 14 భాగముల నత్రజనికి 100 భాగముల కాల్సియము కార్బొనేటు కావలెను, గ్రామునకు 7 గ్రాములకు పైగా. కావున తొట్టినీరు దినదినము పులిసిపోవుచుండును. క్షారము చేర్చనిచో పి.హెచ్. 6కు దిగువన పడి బాక్టీరియా పని మందగించును. ఈ లెక్కను గ్రంథము విడమరచి చూపి ఉండినచో ఉన్నత పాఠశాలకు ఎంతో ఉపకరించెడిది.

నత్రజని పద్దు

వృథా స్వల్పమను మాటను ఇప్పుడు లెక్కకు తెత్తము. ఆధారముగా గ్రంథమిచ్చిన ఉదాహరణమునే తీసికొందము. వారమునకు 25 లెట్యూస్ మొక్కలు కోయవలెనన్నచో 4 చదరపు మీటర్ల మడి, దినమునకు 200 గ్రాముల మేత, 10 నుండి 20 కిలోల చేపలు కావలెనని అందున్నది.

మేతలో 32 శాతము మాంసకృత్తులు ఉన్నవనుకొందము. వారమునకు 1,400 గ్రాముల మేతలో మాంసకృత్తులు 448 గ్రాములు. మాంసకృత్తులలో నత్రజని 6.25వ వంతు గనుక తొట్టిలోనికి వచ్చిన నత్రజని సుమారు 72 గ్రాములు. ఇది జమ.

ఇక ఖర్చు. ఒక కిలో బరువు పెరుగుటకు చేపకు 1.6 కిలోల మేత పట్టునని అనుకొన్నచో, వారమునకు పెరుగుదల 875 గ్రాములు. చేప శరీరమున మాంసకృత్తులు 16 శాతముగా తీసికొన్నచో అందలి నత్రజని సుమారు 22 గ్రాములు. లెట్యూస్ మొక్క ఒక్కొక్కటి 200 గ్రాములనుకొన్నచో 25 మొక్కలు 5 కిలోలు. అందులో నీరు 95 శాతము. మిగిలిన 250 గ్రాముల ఎండు పదార్థమున 4 శాతము నత్రజని, అనగా 10 గ్రాములు.

చేపకు 22, కూరకు 10, కలిపి 32. వచ్చినది 72. మిగిలిన 40 గ్రాములు ఎక్కడ? కొంత వేళ్లలో ఉన్నది. కొంత అడుగున చేరు బురదలో ఉన్నది. కొంత నైట్రేటుగా నీటిలో పేరుకొనుచున్నది. గాలి చొరని బురదపొరలలో వేరొక రకపు బాక్టీరియా నైట్రేటును విరిచి నత్రజని వాయువుగా గాలిలోనికి వదలుచున్నది. మన ఊహలను కొంచెము అటునిటు మార్చినను ఫలితము మారదు: మేతలోని నత్రజనిలో సగమునకు పైగా చేపగాని కూరగాని కాలేదు, కూరకు చేరినది ఏడవ వంతు మాత్రమే.

ఇందువలన జోడుసాగు పనికిరానిదని కాదు. చేపలను మాత్రమే పెంచి, ఆ నీటిని కాలువలోనికి వదలుటకన్న ఇది మేలే. ఆ పది గ్రాములు కూడ అప్పుడు మనకు దక్కవు. నీటి పొదుపు కూడ నిజమే. తొట్టినీటిలో దినమునకు ఒకటినుండి మూడు శాతము మాత్రమే తరుగును. అయితే మేతలోని సోయా పండించుటకు పొలమున పారిన నీటిని, మేతలో కలిపిన చేపపొడికై సముద్రమున పట్టిన చేపలను ఈ లెక్కలో చేర్చుట లేదు. ఈ పద్దును ఒక్క పుటలో పట్టికగా ఇచ్చి ఉండినచో, గుణముల జాబితాలోని మాటలను రచయితలే దిద్దుకొని ఉండెడివారని మా నమ్మకము. 262 పుటల గ్రంథమున ఈ ఒక్క పుట లేకపోవుట పెద్ద లోపము.

పిల్లచేపల ఆకలి

రెండవ ఆక్షేపణ పాఠశాలలకు ఇంకను దగ్గరిది. మన తొట్లలో వదలునవి పెద్ద చేపలు కావు, వేలెడంత పిల్లలు. గ్రంథములోని ముఖ్యమైన సూత్రము, ఆకుకూరల మడికి చదరపు మీటరు ఒక్కింటికి దినమునకు 40 నుండి 50 గ్రాముల మేత, స్థిరపడిన తొట్టికి చక్కగా సరిపోవును. పిల్లల తొట్టి స్థిరముగా ఉండదు. అది నెలనెలకు వేరొక తొట్టి యగుచుండును.

పెరిగిన చేప తన బరువులో 1 నుండి 2 శాతము మేత తినుననియు, 100 గ్రాములకు లోబడిన చేప సుమారు 3 శాతము తినుననియు గ్రంథము చెప్పినది. పది గ్రాముల పిల్ల 5 శాతము వరకు తినగలదు. నూరు పిల్లలను వదలితిమనుకొందము. ఒక్కొక్కటి 10 గ్రాములున్నపుడు మొత్తము ఒక కిలో. 5 శాతము చొప్పున మేత 50 గ్రాములు. చదరపు మీటరు మడికి చాలును. ఒక్కొక్కటి 50 గ్రాములైనపుడు మొత్తము 5 కిలోలు; 3 శాతము చొప్పున 150 గ్రాములు; 3 చదరపు మీటర్లకు చాలును. ఒక్కొక్కటి 200 గ్రాములైనపుడు మొత్తము 20 కిలోలు. ఒకటిన్నర శాతము చొప్పున 300 గ్రాములు. 6 చదరపు మీటర్లు కావలెను. చేపల సంఖ్య నూరే, మడి ఒకటి ఆరైనది.

పైగా మేత గ్రాములన్నియు సమానములు కావు. పిల్లల మేతలో మాంసకృత్తులు 40 శాతము వరకు ఉండవలెను. పెద్దవానికి 30 శాతము చాలును. పిల్లల 50 గ్రాముల మేతలో నత్రజని 3.2 గ్రాములు, పెద్దవాని 300 గ్రాములలో 14.4 గ్రాములు. మేత ఆరింతలైనను నత్రజని నాలుగున్నరింతలే అయినది.

నాలుగు చదరపు మీటర్ల మడిని మొదటి దినముననే నాటినవాడు మొదట ఆకులు పసుపెక్కుట చూచును. కడపట నీటిలో నైట్రేటు పేరుకొనుట చూచును. ఈ రెండింటికి కారణము ఒక్కటే అని వానికి తోచదు. మొదట పోషకము చాలదని ఎరువు చల్లును, తరువాత చేపలు ఎక్కువైనవని నీరు మార్చును. పిల్లలను విడతలుగా వదలి, పెరిగిన వానిని తీయుచుండుట దీనికి మందు. ఈ ఉపాయమును గ్రంథము చెప్పకపోలేదు. కాని చేప ఆకలి ఒక అధ్యాయమున, మడి కొలత వేరొక అధ్యాయమున ఉన్నవి. రెండింటిని కలిపి వయసు, బరువు, మేత, మడి అను నాలుగు గళ్ల పట్టిక ఇచ్చి ఉండవలసినది. క్రొత్తవాడు తప్పు చేయునది సరిగా ఈ రెండు అధ్యాయముల నడుమనే.

పిల్లలను వేరుగా పెంచి, కొంత ఎదిగిన తరువాత పెద్ద చెరువులోనికి మార్చుట మన కొల్లేటి చుట్టుపట్ల రైతులకు క్రొత్త గాదు. అక్కడ పిల్లలను ఇరుకుగా ఒక ఏడాది నిలిపి, పిమ్మట పెంపకపు చెరువులలో వదలు ఆచారమున్నది. జోడుసాగు తొట్టిని కూడ పిల్లల మడిగానే భావించి, పిల్లలు 50 గ్రాములు కాగానే తీసి క్రొత్తవానిని వదలుచున్నచో మేత ఒక హద్దులో నిలుచును, మడి కూడ చిన్నదిగానే ఉండవచ్చును. పెద్ద చేపలను తొట్టిలోనే పెంచుటకన్న పాఠశాలకు ఇదియే అనువు.

సూత్రము శాసనము కాదు

మేత, మడి నిష్పత్తిని గూర్చి ఇంకొక మాట. రాకోసీ తేలుపలకల వ్యవస్థకు చెప్పినది చదరపు మీటరునకు 60 నుండి 100 గ్రాములు. ఈ గ్రంథమున ఆకుకూరలకు 40 నుండి 50. ఈ రెండింటిలో ఒకటి తప్పు గాదు. సెయింట్ క్రోయ్ వ్యవస్థలో బురదను ఎప్పటికప్పుడు వేరుచేసి తీసివేసెడివారు. బురదతోపాటు పోషకమును పోయెడిది. గులకరాళ్ల మడిలో బురద అక్కడనే కుళ్లి తన పోషకమును నీటికి విడుచును. నీటిని ఎంత మార్చుచున్నాము, ఏ కూర వేసితిమి, ఎండ ఎంత అనువానిని బట్టియు అంకె మారును. ఇటువంటి అంకె గురుత్వ త్వరణము వంటి స్థిరాంకము కాదు; ఒక చోటి అనుభవమునకు సంక్షేపము. గ్రంథకర్తలకు ఈ సంగతి తెలియును. చదువరికి తెలియునట్లు చెప్పుటలో కొంచెము తొందరపడినారు.

కరెంటు పోయినచో

విద్యుచ్ఛక్తి కావలెనని గ్రంథము హెచ్చరించినది. ఎంత త్వరగా ముప్పు వచ్చునో అంకెలలో తెలిసికొనుట మంచిది. వెయ్యి లీటర్ల తొట్టిలో లీటరునకు 6 మిల్లీగ్రాముల చొప్పున కరగియున్న ఆమ్లజని మొత్తము 6 గ్రాములు. కిలో చేప గంటకు 300 మిల్లీగ్రాములు పీల్చుననుకొన్నచో 20 కిలోల చేపలకు గంటకు 6 గ్రాములు కావలెను. అనగా పంపు ఆగిన గంటలో తొట్టి ఖాళీ. నీటి పైభాగమునుండి కొంత గాలి కరగును గాని, బాక్టీరియా కూడ ఆమ్లజనిని వాడుకొనుచుండును. పిల్లలు కిలోకు పెద్దవానికన్న ఎక్కువ పీల్చును. వేడి పెరిగిన కొలది నీటిలో ఆమ్లజని తగ్గును: 30 డిగ్రీల వద్ద లీటరునకు 7.5 మిల్లీగ్రాములకు మించి నిలువదు, 35 డిగ్రీల వద్ద 7 కూడ నిలువదు. వేసవి మధ్యాహ్నము కరెంటు పోవు ఊళ్లలో ఈ లెక్క ప్రాణములతో చెలగాటము. తొట్టిలో చేపలను గ్రంథము చెప్పిన పై హద్దులో సగమునకే పరిమితము చేసి, బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపును సిద్ధముగా ఉంచుకొనుట మేలు.

ఇంకొకటి: పి.హెచ్. ప్రభావము. 25 డిగ్రీల నీటిలో, మొత్తము అమ్మోనియాలో చేపను చంపు రూపము పి.హెచ్. 7 వద్ద అర శాతమునకు కొంచెము పైన. 8 వద్ద 5 శాతమునకు పైన. 9 వద్ద మూడవ వంతుకు పైన. ఒకే నీరు, ఒకే అమ్మోనియా, పి.హెచ్. రెండు మెట్లు ఎక్కగానే విషము అరువది రెట్లగును. బోరునీరు క్షారగుణము కలదైనచోట దీనిని మరువరాదు.

మన చేప, మన కూర

గ్రంథము ప్రపంచమంతటి కొరకు వ్రాయబడినది. మన అవసరములకు దానిని మనమే దిద్దుకొనవలెను. ఇందులో వివరించిన చేపలు తిలాపియా, కార్పు, క్యాట్‌ఫిష్ జాతులు, ట్రౌట్, లార్జ్‌మౌత్ బాస్. ట్రౌట్ చల్లని కొండనీటి చేప, మైదానమున బ్రతుకదు. ఆఫ్రికా మార్పు పెంపకము మన దేశమున నిషిద్ధము. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా చెరువులలో విచ్చలవిడిగా పెరిగి చిక్కులు తెచ్చినది. మేలుజాతి తిలాపియాను నేడు అనుమతితో, షరతులకు లోబడి మాత్రమే పెంచవలెను. పాఠశాల తొట్టికి బంగారుతీగ పిల్లలు గాని, అలంకారపు బంగారు చేపలు గాని చాలును. ప్రయోగము ముగిసిన తరువాత ఏ చేపను కూడ కాలువలోగాని చెరువులోగాని వదలరాదు.

కూరల విషయమును అంతే. అనుబంధమున 12 పంటలకు వేరువేరుగా సూచనలున్నవి: లెట్యూస్, బేసిల్, పార్స్‌లీ, స్విస్ చార్డ్, క్యాబేజీ, టమాటా, వంగ మొదలగునవి. లెట్యూస్‌కు చల్లదనము కావలెను. మన ఎండలలో త్వరగా పూతకు వచ్చి చేదెక్కును. తోటకూర, బచ్చలి, తూటికూర వేడిని ఓర్చును, చేపకు నచ్చు వెచ్చని నీరు వానికిని నచ్చును. తూటికూర నీటి అంచులలో పెరుగునదే గనుక మొదటి ప్రయత్నమునకు అది మిక్కిలి తగినది. పాలకూర, కొత్తిమీరలను చలికాలమునకు ఉంచుకొనవచ్చును.

ఇండొనీషియాలోని బుమీనా, యుమీనా అను పద్ధతులను గూర్చి గ్రంథము చివర కొంచెము చెప్పినారు. అక్కడ చెరువు గట్టునే కుండీలు పేర్చి, చెరువునీటిని వానికి పోసి తిరిగి చెరువులోనికే జారవిడుతురు. పరికరములు తక్కువ, ఖర్చు తక్కువ. మన గ్రామములకు ప్లాస్టిక్ ట్యాంకులకన్న ఇదియే దగ్గరగా తోచుచున్నది. దీనికి మరికొన్ని పుటలు ఇచ్చి ఉండినచో బాగుండెడిది.

తరువాత తెలిసినది

ఒక విషయమున గ్రంథకర్తలను తప్పుపట్టరాదు. అమ్మోనియాను నైట్రైటు చేయునది ఒక జాతి, నైట్రైటును నైట్రేటు చేయునది వేరొక జాతి అను బోధ 1890 ప్రాంతమున వినొగ్రాడ్‌స్కీ చేసిన పరిశోధనలనుండి వచ్చుచున్నది. గ్రంథము దానినే అనుసరించినది. ఇది వెలువడిన మరుసటి సంవత్సరము, 2015లో, నైట్రోస్పైరా జాతికి చెందిన కొన్ని బాక్టీరియా ఈ రెండు పనులను తామే చేయగలవని రెండు పరిశోధక బృందములు వెల్లడించినవి. వానిలో ఒక బృందమునకు ఆ బాక్టీరియా దొరికినది చేపల పెంపకపు నీటిని శుభ్రపరచు జల్లెడ తొట్టిలోనే! నూరేండ్లకు పైగా పాఠములలో నిలిచిన విభజన చేపల తొట్టి అడుగున సడలినది. ఉపాధ్యాయులు ఈ అధ్యాయమును చెప్పునపుడు ఈ సంగతిని చేర్చవలెను.

ఉపాధ్యాయులకు సూచన

ఈ గ్రంథమును పాఠశాల గ్రంథాలయమున ఉంచదగినదేనా? నిస్సందేహముగా. కాని దాని ప్రక్కన ఒక పద్దు పుస్తకమును కూడ ఉంచవలెను. 100 లీటర్ల తొట్టి, 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవుగల కూరల పళ్లెము, పది గ్రాముల పిల్లలు ఇరువది చాలును. పిల్లల బరువు 200 గ్రాములు. 5 శాతము చొప్పున దినమునకు మేత 10 గ్రాములు. పళ్లెము వైశాల్యము చదరపు మీటరులో అయిదవ వంతు. సూత్రమునకు సరిగా సరిపోవును. పిల్లలను వదలుటకు నాలుగైదు వారములు ముందే నీటిని తిప్పి బాక్టీరియాను పెంచవలెను. అమ్మోనియా, నైట్రైటు సున్నకు దిగినవని పరీక్షలో తేలిన తరువాతనే చేపలను తేవలెను. అవియు ప్రాణులే, మన పాఠము కొరకు వానిని విషపు నీటిలో ఉంచు హక్కు మనకు లేదు.

విద్యార్థులు ప్రతిదినము మేతను తూచి వ్రాయవలెను. వారమునకొకసారి కొన్ని చేపలను, కోసిన కూరను తూచవలెను, పి.హెచ్., అమ్మోనియా, నైట్రేటులను పరీక్షించవలెను. చేర్చిన ఇనుమును, సున్నమును కూడ వ్రాయవలెను. చిన్న కుండీలో కుళాయినీటితో ఒక మొక్కను, పశువుల ఎరువుతో ఒక మొక్కను పెంచి పోల్చవలెను. మూడు నెలల తరువాత జమ, ఖర్చు తీసి, లెక్కకు రాని నత్రజని ఎంతో కనుగొనవలెను. ఆ లెక్క సరిగా కుదరకపోవచ్చును. ఎందుకు కుదరలేదో చర్చించుటయే ఆ సంవత్సరపు మంచి పాఠమగును.

అప్పుడు ప్రదర్శనములో అట్టమీద ఎరువు లేదని వ్రాయనక్కరలేదు. ఇన్ని గ్రాముల మేత వేసితిమి, ఇన్ని గ్రాముల చేప, ఇన్ని గ్రాముల కూర వచ్చినవి, ఇంత మాకు లెక్కకు దొరకలేదు అని వ్రాసిన చాలును. చూడవచ్చిన రైతుకు ఆ అట్టయే పనికివచ్చును. సామగ్రి కొనవలెనా వద్దా అని నిర్ణయించుకొనుటకు అతనికి కావలసిన అంకెలు దానిమీదనే ఉండును.